మాల వేయించి మందు మాన్పిద్దామనుకుంటున్నారా? ముందు ఇది చదవండి

కార్తీకం దగ్గర పడుతుంటే చాలా ఇళ్లలో అదే ఆశ. "ఈసారి అయ్యప్ప మాల వేయిద్దాం, 41 రోజులు ముట్టడు, తర్వాత అదే అలవాటు పోతుంది" అని. అలా మానేసినవాళ్లు ఉన్నారు, కాదనను. కానీ పొద్దున లేవగానే ఒక పెగ్గు పడితే తప్ప చేతుల వణుకు ఆగని మనిషి ఒక్కరోజులో ఆపేస్తే ప్రాణం మీదికి రావచ్చు.

మా బాబాయికి అదే జరిగింది. మాల వేసుకున్న మర్నాడు టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా సగం లుంగీ మీద ఒలికిపోయింది. మూడో రాత్రి దుప్పటి మీద లేని చీమల్ని ఒక్కొక్కటే ఏరుతూ కూర్చున్నాడు, పిన్నిని "ఎవరమ్మా నువ్వు" అన్నాడు. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు, ఆస్పత్రికి తీసుకెళ్లేసరికి ఒక పూట పోయింది.

అది గాలి కాదు. ఏళ్ల తరబడి మందు మెదడును మత్తులో ఉంచితే, దాన్ని తట్టుకోవడానికి మెదడు తన జోరు పెంచుకుంటుంది, హఠాత్తుగా మందు ఆపితే ఆ జోరుకు పగ్గం ఉండదు. చివరి గుక్క తర్వాత 6 గంటల నుంచి వణుకు, చెమటలు, వాంతులు, నిద్ర లేకపోవడం, మొదటి రెండు రోజుల్లో ఫిట్స్, రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పడం. ఫిట్స్ వచ్చినా, మనుషుల్ని గుర్తుపట్టకపోయినా తెల్లారేదాకా ఆగకండి, 108కి ఫోన్ చేయండి.

అందుకే మాలకు ముహూర్తం చూసే ముందే సైకియాట్రిస్ట్‌ని కలవండి. పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో ఆ విభాగం ఉంటుంది. రోజుకు ఎంత తాగుతాడో పరువు కోసం తగ్గించి చెప్పొద్దు, వణుకు, ఫిట్స్ రాకుండా ఇచ్చే టాబ్లెట్ల డోసు ఆ లెక్క మీదే ఆధారపడుతుంది. ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చి ఉంటే అడ్మిట్ చేయించడమే మంచిది. ఇంట్లోనే మాన్పించమని డాక్టరు చెబితే, రోజురోజుకూ డోసు తగ్గిస్తూ టాబ్లెట్లు ఇస్తారు, ఆ స్ట్రిప్ అతని చేతికివ్వకుండా మీ దగ్గరే పెట్టుకోండి. నీరసంగా ఉన్నాడని ఊళ్లో గ్లూకోజ్ ఎక్కించేస్తారు కదా, బాగా తాగేవాళ్లకు ముందు బి1 విటమిన్ పడాలి, లేకపోతే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది, అడగడానికి మొహమాటపడొద్దు.

మందు మాన్పించే బిళ్లని కూరలో తెలియకుండా కలపడం మాత్రం వద్దు. డైసల్ఫిరామ్ అనే ఆ బిళ్ల కడుపులో ఉండగా తాగితే బీపీ పడిపోయి మనిషి చనిపోవచ్చు, అతనికి తెలిసి, ఒప్పుకునే వేసుకోవాలి.

కల్లు హఠాత్తుగా మానేవాళ్ల సంగతీ ఇంతే. కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, డైజీపామ్ లాంటి మత్తుమందులు కలుపుతారు, అవి ఆగినా ఫిట్స్ వస్తాయి. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూతపడగానే హైదరాబాద్‌ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు జనం వరసకట్టింది అందుకే.

ఎక్కడికెళ్లాలో తెలియకపోతే మత్తు అలవాటు మాన్పించే హెల్ప్‌లైన్ 14446కి గానీ, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి గానీ ఫోన్ చేయండి. మాలలో ఉండగా డాక్టరు ఇచ్చిన టాబ్లెట్ వేసుకుంటే దీక్ష చెడదు. బాబాయికి ఆ మాట చెప్పింది ఆయన గురుస్వామే.