పాల ప్యాకెట్‌లో విటమిన్ డి: కండరాల బలానికి ఎలా వాడుకోవాలి?

విజయవాడ సత్యనారాయణపురంలో ఉండే మా అత్తయ్యకి పీట మీద నుంచి లేవాలంటే గోడ ఆసరా కావాల్సి వచ్చేది. మోకాళ్ల నొప్పులనుకున్నాం. రక్తపరీక్షలో విటమిన్ డి బాగా తక్కువని తేలింది. ఇది లోపిస్తే తుంటి, తొడల కండరాలు నీరసిస్తాయి. మెట్లెక్కడం, కింద నుంచి లేవడం కష్టమవుతుంది. బెజవాడ ఎండలో ఈ లోటేంటి అనిపిస్తుంది కానీ, ఆ ఎండకి భయపడే కదా మనం తలుపులేసుకుని కూర్చునేది.

ముందు పాల ప్యాకెట్ తిప్పి చూడండి. నీలం రంగులో ప్లస్ గుర్తు, ఎఫ్ అక్షరం ఉంటే పోషకాలు కలిపారని అర్థం. పక్కన విటమిన్ డి పేరుందో లేదో కూడా చదవండి. నూనె ప్యాకెట్ మీదా ఇదే గుర్తు. గానుగ దగ్గర పట్టించుకునే నూనెలో విటమిన్ డి కలవదు.

తర్వాత లెక్క వేసుకోండి. ఇక్కడే చాలామంది పొరబడతారు. పెద్దవాళ్లకి రోజుకి 15 మైక్రోగ్రాములు కావాలి. నిబంధనల ప్రకారం డి కలిపిన లీటరు పాలలో ఉండేది 5 నుంచి 7.5. అంటే అర లీటరు తాగినా, తోడేసి పెరుగుగా తిన్నా మహా అయితే నాలుగో వంతు. నూనె గ్రాముకి 0.11 నుంచి 0.16, రోజుకి 20 గ్రాములు వాడితే ఇంకో రెండు మూడు మైక్రోగ్రాములు. రెండూ కలిపినా సగం రాదు. మిగతాది గుడ్డు పచ్చసొన, చేపలు, కాసేపు ఎండ నుంచి రావాలి.

పాలు మామూలుగా కాచుకోండి, డి పెద్దగా పోదు. నూనెని మాత్రం వెలుతురు తగలని చోట పెట్టండి. బజ్జీలు వేసిన నూనెని మళ్లీ మళ్లీ కాచొద్దు.

పక్కింటివాళ్లు చెప్పారని 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్లు కొని వారం వారం వేసుకోకండి, దయచేసి. మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలు దెబ్బతింటాయి. పరీక్ష చేయించి, డాక్టరు చెప్పినన్ని రోజులే వాడాలి.

లోటు లేనివాళ్లు డి ఎక్కువగా తిన్నా కండ పెరగదు. దానికి పప్పు, గుడ్డు, పెరుగుతో పాటు కదలిక కావాలి. కుర్చీని గోడకి ఆనించి, చేతులు గుండెల మీద కట్టుకుని లేచి కూర్చోండి. రోజూ పదిసార్లు చాలు, మొదట్లో ఎవరినైనా పక్కన ఉంచుకోండి. అలా ఐదుసార్లు లేచి కూర్చోవడానికి 12 సెకన్లు, అంతకన్నా ఎక్కువ పడుతుంటే డాక్టరుకి ఆ మాట చెప్పండి.