పైనాపిల్ రమ్ కాక్‌టెయిల్ తేడా కొడుతోందా? రమ్ సీసా మార్చే ముందు ఇవి చూడండి

రుచి తేడాగా ఉందనగానే చాలామంది చేసే మొదటి పని రమ్ బ్రాండ్ మార్చడం. సీసాలో ఉన్న రమ్ నిన్నటికీ ఇవాళ్టికీ మారిపోదు. మారేవి పండు, ఐసు, కొబ్బరి డబ్బా. వెతకాల్సింది కూడా అక్కడే.

కొలత విషయంలో పేచీ లేకుండా పీనా కొలాడానే ఆధారంగా తీసుకుందాం. ఇంటర్నేషనల్ బార్‌టెండర్స్ అసోసియేషన్ లెక్క ప్రకారం తెల్ల రమ్ 50 మి.లీ., తాజా పైనాపిల్ రసం 50 మి.లీ., కోకోనట్ క్రీమ్ (డబ్బాలో వచ్చే చిక్కటి కొబ్బరి పాలు) 30 మి.లీ. మామిడి, ప్యాషన్ ఫ్రూట్ వేసుకునేవాళ్లూ ఇక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు. షేకర్ ఊపడం, మిక్సీ తిప్పడం వచ్చనే అనుకుని మిగతాది చెబుతున్నాను.

నీళ్లు నీళ్లుగా ఉంటే

ముందు ఐసు చూడండి. ఈ ఒక్కటీ చూడకుండా పండు, రమ్, కొలతలు అన్నీ మార్చి చూసేవాళ్లే ఎక్కువ. ఒక ముక్క చేతిలోకి తీసుకోండి. పైన తెల్లగా మంచు పట్టి వేలికి అతుక్కుంటే అది బాగున్నట్టు. తళతళలాడుతూ జారిపోతుంటే దాని ఒంటి నిండా అప్పటికే నీళ్లున్నాయి. కరిగిపోయిన ఆ నీళ్లు గ్లాసును చల్లబరిచేది దాదాపు ఏమీ ఉండదు, పలచన మాత్రం చేస్తాయి. ఐసు ట్రేను అన్నిటికన్నా చివర్లో ఫ్రీజర్ నుంచి తీయండి. బయట పెట్టి కాసేపయితే జల్లెడలో వేసి నీళ్లు వంపేయండి.

ఇంకో పొరపాటు, పలచబడుతోందని ఐసు తగ్గించడం. దాంతో ఉన్న నాలుగు ముక్కలూ పూర్తిగా కరిగిపోతాయి, డ్రింకు మాత్రం సరిగా చల్లబడదు. షేకర్‌లో మూడింట రెండు వంతులు ఐసు ఉండాలి. పెద్ద ముక్కలతో 10-12 సెకన్లు గట్టిగా ఊపితే చాలు.

మిక్సీలో చేస్తే రమ్, రసం రెండూ ముందే చల్లగా ఉండాలి. 40 శాతం ఆల్కహాల్ ఉన్న రమ్ ఇంటి ఫ్రీజర్‌లో గడ్డకట్టదు, కాబట్టి సీసా అక్కడే పెట్టుకోవచ్చు. గది వేడిలో ఉన్న రమ్ పోస్తే దాన్ని చల్లార్చడానికే ఐసంతా ఖర్చయిపోతుంది. సగం ఐసుకు బదులు గడ్డకట్టించిన పండు ముక్కలు వేస్తే చిక్కదనం నిలబడుతుంది. 20-30 సెకన్లకు మించి తిప్పితే బ్లేడు వేడికే కరగడం మొదలవుతుంది.

మొదటి గుక్క బాగుండి, పోనుపోను చేదెక్కుతుంటే

అసలు తిప్పలు పెట్టేది ఇదే. ముందు ఒక్కటి తేల్చుకోండి: చేదు మొదటి గుక్కలోనే ఉందా, గ్లాసు సగమయ్యాక వచ్చిందా?

మొదటి గుక్కలోనే ఉంటే కారణం సులువు. నిమ్మకాయను మరీ గట్టిగా పిండడంతో తొక్క కింది తెల్లపొర చేదు దిగి ఉంటుంది, లేదా మిక్సీలో గింజలు నలిగి ఉంటాయి. బొప్పాయి గింజలైతే ఒకటి రెండున్నా తెలిసిపోతుంది. ప్యాషన్ ఫ్రూట్ గుజ్జును ముందే వడగట్టండి.

నెమ్మదిగా పెరిగే చేదు వేరు. జగ్గులో కలిపి ఫ్రిజ్‌లో పెట్టిన డ్రింకు గంట తర్వాత నోట్లో పెట్టుకోలేని స్థితికి వస్తే, అందులో రెండు వస్తువులు కలిసి ఉంటాయి: పచ్చి (వేడి చేయని) పైనాపిల్, పాల పదార్థం. పైనాపిల్‌లో బ్రోమెలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది. దాని పని ప్రోటీన్‌ను ముక్కలు చేయడం. పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ అలా తెగినప్పుడు పుట్టే చిన్న ముక్కల్లో కొన్ని చేదుగా ఉంటాయి. ఎంతసేపు ఉంచితే అంత ఎక్కువ ముక్కలు, అంత చేదు. ఐసు వేసినా, రమ్ పోసినా ఆ పని నెమ్మదిస్తుందే తప్ప ఆగదు. కోకోనట్ క్రీమ్ దొరక్క మీగడో, కండెన్స్‌డ్ మిల్కో, వెనిల్లా ఐస్‌క్రీమో వేసినవాళ్లందరికీ ఎదురయ్యేది ఇదే.

"నేను పాలు వెయ్యలేదు, కొబ్బరే వేశాను" అనేవాళ్లు డబ్బా వెనక్కి తిప్పి చదవాలి. కొబ్బరి పాల పొడుల్లో చాలావాటిలో సోడియం కేసినేట్ కలుపుతారు. అది పాల నుంచి తీసిన ప్రోటీనే. పొడి నీళ్లలో బాగా కలవడానికి వేసే ఆ పదార్థమే ఇక్కడ కొంప ముంచుతుంది. ముందు వైపు కొబ్బరికాయ బొమ్మ ఎంత పెద్దగా ఉన్నా, చదవాల్సింది వెనక ఉన్న చిన్నక్షరాలే. పదార్థాల వరుసలో కొబ్బరి, నీళ్లు, చిక్కదనం కోసం ఏదైనా గమ్ మాత్రమే ఉంటే ఈ భయం లేదు.

అనుమానం తీర్చుకోవడం తేలిక. రెండు చెంచాల పైనాపిల్ రసం, రెండు చెంచాల పాలు ఒక గిన్నెలో కలిపి అరగంట వదిలేయండి. రుచి చూడండి. చేదు తగిలితే దొంగ దొరికినట్టే.

ఇక పరిష్కారం. రసాన్ని వడగట్టి సన్నని మంట మీద పెట్టండి. 80 డిగ్రీలకు తెచ్చి ఐదు నిమిషాలు అక్కడే ఉంచితే ఎంజైమ్ పనికిరాకుండా పోతుంది. థర్మామీటర్ లేకపోతే, గిన్నె అంచు చుట్టూ చిన్న బుడగలు లేచి ఆవిరి బాగా వచ్చేదాకా ఆగి, పొంగనివ్వకుండా ఆ వేడి మీదే ఐదు నిమిషాలు ఉంచండి. పూర్తిగా చల్లార్చి వాడండి. తాజా వాసన కొంత పోతుంది. చివర్లో నిమ్మరసం 5-10 మి.లీ. పిండితే రుచికి చురుకు వస్తుంది. అంతేగాని వాసన కోసమని మళ్లీ ఒక పచ్చి ముక్క మిక్సీలో వేయకండి, కథ మొదటికొస్తుంది.

డబ్బాలో వచ్చే పైనాపిల్ ముక్కలూ రసమూ వేడి చేసి నింపినవే కాబట్టి వాటితో ఈ గొడవ ఉండదు. ఫ్రీజర్‌ను మాత్రం నమ్ముకోవద్దు. గడ్డకట్టిన పచ్చి పైనాపిల్‌లో ఎంజైమ్ చావదు, కరగగానే పని మొదలుపెడుతుంది. కోల్డ్ ప్రెస్ (వేడి తగలకుండా పిండినది) అని రాసి ఉన్న రసాన్నీ పచ్చి రసం కిందే లెక్కేసుకోండి.

వేడి చేయడం ఇష్టం లేకపోతే జగ్గులో రమ్, రసం, నిమ్మ మాత్రమే కలిపి పెట్టుకుని, మీగడ ఎవరి గ్లాసులో వాళ్లకు తాగే ముందు వేయండి. పది నిమిషాల్లో తాగేస్తే పెద్దగా తెలియదు. ఒకసారి చేదెక్కిన జగ్గును పంచదార కాపాడలేదు, పారబోయడమే.

కివీ, బొప్పాయి కూడా ఇదే బాపతు. బొప్పాయి ఎంత కాయగా ఉంటే ఎంజైమ్ అంత ఎక్కువ. నాలుక చురచురలాడితే "రమ్ ఘాటు" అంటారు గానీ, చాలాసార్లు అదీ పచ్చి పైనాపిల్ పనే.

తెల్లటి రేణువులు తేలుతుంటే

ఒక రేణువును వేళ్ల మధ్య నలపండి. కరిగి జిడ్డు అంటితే అది కొబ్బరి కొవ్వు. సుమారు 24 డిగ్రీల కంటే చల్లబడితే అది గడ్డకడుతుంది, ఫ్రిజ్‌లోంచి తీసిన డబ్బాను నేరుగా ఐసు మీద పోస్తే మరి పూసలు కట్టదా? డబ్బాను గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు పెట్టి, బాగా కుదిపి, ముందు ఐసు లేకుండా రసం, రమ్‌లతో ఒకసారి తిప్పండి. ఐసు ఆ తర్వాతే.

నలిపినా కరగకుండా మెత్తటి ముద్దలా ఉంటే పాలు విరిగినట్టు. పులుపు రసంలో పాలు పోస్తే అంతే. పాలు మానేసి కోకోనట్ క్రీమ్‌కు రండి.

తీపి ఎక్కువైతే, లేదా చప్పగా ఉంటే

మళ్లీ డబ్బా చదవండి. తీపి కలపని కోకోనట్ క్రీమ్ వేరు, ప్యూర్టోరికోలో పుట్టిన కోకో లోపెజ్ లాంటి పంచదార కలిపిన క్రీమ్ వేరు. 1954లో శాన్ హువాన్‌లోని కరీబే హిల్టన్ హోటల్‌లో పుట్టిందని చెప్పే పీనా కొలాడా ఈ తీపి రకంతోనే తయారైంది. తీపి రకానికి రాసిన కొలతలో తీపి లేనిది పోస్తే చప్పగా, తీపి లేనిదానికి రాసిన కొలతలో తీపి రకం పోస్తే పాయసంలా వస్తుంది.

చల్లదనం తీపిని అణచేస్తుంది. అందుకే ఐసు వేయకముందు రుచి చూస్తే కాస్త ఎక్కువ తీపే అనిపించాలి. చప్పగా ఉంటే పంచదార, నీళ్లు సమానంగా కరిగించిన సిరప్ 10 మి.లీ., తీపి మించితే నిమ్మరసం 10 మి.లీ., ఒక్కో విడత అంతే వేసి రుచి చూస్తూ పొండి. రెండూ సరిగ్గానే ఉన్నా పండు రుచి పైకి తేలకపోతే చిటికెడు ఉప్పు.

అరుదుగా వచ్చేవి

ముదురు రమ్ వేస్తే బెల్లపు వాసన ప్యాషన్ ఫ్రూట్‌ను మింగేస్తుంది, తెల్లది వాడండి. పైన నురగ పైనాపిల్‌ను ఊపితే వచ్చేదే, అది లోపం కాదు. అరటిపండు వేసిన డ్రింకు రంగు మారితే గాలి తగిలి నల్లబడింది, నిమ్మరసం ముందే కలపాల్సింది. ఇనుప వాసన వస్తే తెరిచిన డబ్బాలోనే రసం నిల్వ ఉంచారేమో చూసి, ఈసారి గాజు సీసాలోకి మార్చండి.