రిపోర్టు లెక్కలు – 4వ పాఠం: శాతాలను కూడి భాగిస్తే ఏమవుతుంది?

పోయిన పాఠంలో మామూలు సగటు, మధ్యగతం చూశాం. ఈసారి భారిత సగటు, అంటే ఒక్కో అంకెకు దాని బరువును (వెయిట్‌ను) బట్టి ప్రాధాన్యం ఇచ్చే సగటు. ఆఫీసులో ఆ పేరంటే ఎవరికీ అర్థం కాదు, వెయిటెడ్ యావరేజ్ అనే అంటారు.

ఎక్సెల్ షీట్ తెరిచి రెండో వరుస నుంచి ఈ అంకెలు వేయండి. ఎ కాలమ్‌లో బ్రాంచి, బి లో ఆర్డర్లు, సి లో వాపసు శాతం.

మొదటి బ్రాంచి: 1000, 2%
రెండోది: 200, 6%
మూడోది: 50, 20%

మూడు శాతాలు కూడి మూడుతో భాగిస్తే 9.33% వస్తుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలాంటి అంకెనే రిపోర్టు అడుగున బోల్డ్‌లో పెట్టి పంపాను. "ఇంతకీ మొత్తం ఎన్ని వాపసొచ్చాయి?" అని ఒక్కటే ప్రశ్న వచ్చింది. మన పట్టికలో అయితే 20, 12, 10, మొత్తం 42. 1250 ఆర్డర్లలో 42 అంటే 3.36%. వెయ్యి ఆర్డర్ల బ్రాంచికీ యాభై ఆర్డర్ల బ్రాంచికీ సమానంగా ఓటు వేయించాను, అదీ తప్పు.

ఫార్ములా (ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేయండి; సమ్‌ప్రొడక్ట్ అంటే వరుసవారీగా గుణించి, వచ్చినవన్నీ కూడేది):

=సమ్‌ప్రొడక్ట్(బి2:బి4,సి2:సి4)/సమ్(బి2:బి4)

ఫార్ములా నిమిషంలో వచ్చేస్తుంది. దేన్ని వెయిట్‌గా తీసుకోవాలన్న దగ్గరే బోల్తా పడతాం. వాపసుల గురించే కదా అని వాపసుల సంఖ్యనే వెయిట్‌గా పెట్టారనుకోండి: 40, 72, 200 కలిపి 312, దాన్ని 42తో భాగిస్తే 7.43. తప్పు. శాతం కట్టేటప్పుడు దేనితో భాగించారో అదే వెయిట్. వాపసు శాతం ఆర్డర్లతో భాగిస్తే వచ్చింది కాబట్టి వెయిట్ ఆర్డర్లే.

ఇంకో తంటా కంటికి కనబడదు. సి4 లోని 20% టెక్స్ట్‌గా పడిందనుకోండి (వేరే సాఫ్ట్‌వేర్ నుంచి దించిన ఫైళ్లలో ఇది మామూలే). పై ఫార్ములా దాన్ని సున్నాగా లెక్కేస్తుంది, కింద భాగించేటప్పుడు మాత్రం ఆ 50 ఆర్డర్లూ అలాగే ఉంటాయి. జవాబు 2.56%. ఎర్రర్ రాదు, 2కీ 20కీ మధ్యనే ఉంది కాబట్టి అనుమానమూ రాదు. అందుకే ముందుగా =కౌంట్(సి2:సి4) కొట్టి చూడండి. 3 రావాలి, 2 వస్తే ఎక్కడో టెక్స్ట్ దూరింది.

పివట్ టేబుల్‌లో (ఎక్సెల్ తనే మొత్తాలు, సగటులు కట్టి చూపే పట్టిక) శాతాల కాలమ్‌కి యావరేజ్ పెట్టినా మళ్లీ ఆ 9.33 దగ్గరికే వెళతారు. వాపసుల సంఖ్యకు విడిగా కాలమ్ ఉంటే, వాపసులు/ఆర్డర్లు అని క్యాలిక్యులేటెడ్ ఫీల్డ్ (పివట్‌లోనే మనం రాసుకునే ఫార్ములా) రాయండి. అది ముందు మొత్తాలు కూడి తర్వాత భాగిస్తుంది, మనకు కావలసిందీ అదే. శాతం×ఆర్డర్లు అని మాత్రం అందులో రాయకండి. శాతాలన్నీ కూడి, ఆర్డర్లన్నీ కూడి, ఆ రెండింటినీ గుణించి పెడుతుంది.

అభ్యాసం: ఒక టీమ్ గంటకు 12 కాల్స్ చొప్పున 360 కాల్స్ తీసుకుంది. ఇంకో టీమ్ గంటకు 6 చొప్పున 60. రెండూ కలిపి గంటకు సగటున ఎన్ని? 11.14 వస్తే వెయిట్ తప్పు పెట్టారు, 10.5 వస్తే 5వ పాఠానికి రండి.