బిడ్డలతో తిరుపతి ఎండల్లోకి: బయలుదేరేముందు చూసుకోవాల్సినవి

తిరుపతిలో కాపురముంటే వేసవి సెలవుల్లో ఇల్లు సత్రమే. ఏప్రిల్ ఆఖరున బడులు మూసింది మొదలు జూన్ రెండో వారం దాకా చుట్టాలు దిగుతూనే ఉంటారు. దిగిన ప్రతి కుటుంబంలోనూ సంకన ఒకరు, చేతికి ఒకరు. ఎండ 40 డిగ్రీలు దాటడం ఇక్కడ వార్త కాదు. రోహిణి కార్తె వస్తే చెప్పనక్కర్లేదు. పొద్దుగూకినా శేషాచలం రాయి పగలు తాగిన వేడిని కక్కుతూనే ఉంటుంది, కాబట్టి ‘సాయంత్రం ఐదుకల్లా చల్లబడుతుందిలే’ అన్న లెక్క ఈ ఊళ్లో పనికిరాదు. పిల్లలతో పనులు పొద్దున పదిలోపు, లేకుంటే సాయంత్రం ఆరు దాటాక పెట్టుకోవాలి.

అయితే వేళ మన చేతిలో ఉంటే కదా! కల్యాణకట్ట దగ్గర వరస, క్యూలో కంపార్ట్‌మెంటు, కొండ బస్సు, గంగజాతర (గ్రామదేవత గంగమ్మ జాతర) జనం, ఏదీ మనం అనుకున్న టైముకు తెమలదు. బిడ్డలు డస్సిపోయేది ఆ ఎదురుచూపుల్లోనే. అందుకే మా ఇంటికొచ్చినవాళ్లతో గొడుగులు, టోపీల కంటే ముందు ఒక మాట చెప్తాను: బిడ్డకు బాగలేకపోతే ఎవరు వెనక్కి వచ్చేస్తారో ఇంట్లోనే తేల్చుకోండి. పది గంటలు కూర్చున్నాక, గోపురం కంటి ముందు కనిపిస్తుంటే, వెనక్కి పోదామన్న మాట ఎవరి నోటా రాదు. ‘ఇంకొంచెంసేపు ఓర్చుకో నాన్నా’ అనే వస్తుంది.

ఎండాకాలం కొండకొచ్చే చంటిపిల్లల్లో చాలామంది పుట్టువెంట్రుకలు ఇవ్వడానికే వస్తారు. అంతవరకూ జుట్టు కింద దాగిన చర్మం ఒక్క పూటలో ఎండ పాలవుతుంది. గంధం పూస్తే చల్లగా ఉండే మాట నిజమే. అది ఎండను మాత్రం ఆపదు. వెడల్పు అంచున్న నూలు టోపీ ఇంటి దగ్గరే కొని పెట్టుకోండి. గుండు అయ్యాక కొండమీద వెతుక్కుంటే చేతికొచ్చేది చాలాసార్లు నైలాన్ టోపీ, లోపల చెమట పట్టి పొక్కులు లేస్తాయి. కత్తికి కొత్త బ్లేడు వేయమని అడగడానికి మొహమాటం వద్దు. బిడ్డ ఏడుస్తూ తల ఆడిస్తుంటే ఆగమనండి, కాస్త ఊరుకోబెట్టాకే మళ్లీ మొదలుపెట్టమనండి. గాటు పడితే మంచినీళ్లతో కడిగి, ఆ చోటు వదిలేసి గంధం పూయండి. చెవులు కుట్టించడం కూడా అదే రోజు పెట్టుకునేవాళ్లున్నారు. ఒక్క రోజులో బిడ్డకు అన్ని మొక్కులు ఎందుకో నాకు అర్థం కాదు.

ఏడాది లోపు బిడ్డ ఉన్న తల్లిదండ్రులను సుపథం అనే ప్రత్యేక ప్రవేశ దారిలో దర్శనానికి పంపే ఏర్పాటు ఉంది. జనన ధ్రువపత్రం, ఆధార్ కార్డులు దగ్గరుంచుకోవాలి. వేళలు మారుతుంటాయి గనక ముందురోజే కనుక్కోండి. ఆ వయసు దాటిన పిల్లలుంటే 300 రూపాయల టికెట్ ముందుగా చేసుకుని రావడమే మేలు. వేసవి రద్దీలో టోకెన్ లేని సర్వదర్శనం ఒక రోజును మింగేయగలదు. కొండమీద ప్లాస్టిక్ సీసాలు నిషేధం, అందుకని స్టీలు సీసాలో నీళ్లు తీసుకెళ్లండి.

ఇంకొకటి చాలామందికి తట్టదు. క్యూలోకి వెళ్లేముందు ఫోన్లు డిపాజిట్ చేస్తాం. బిడ్డ జేబులో మన నంబరు రాసి పెడితే ఏం లాభం? ఆ ఫోను కౌంటర్లో మూటకట్టి ఉంటుంది. క్యూలోకి రాని బంధువు నంబరు రాయండి. తప్పిపోతే ఎక్కడ నిలబడాలో, ఎవరిని అడగాలో నాలుగేళ్లు దాటిన బిడ్డకు ముందే చెప్పండి.

నడిచి కొండెక్కే మొక్కు పెద్దవాళ్లది. అలిపిరి దారి 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. చాలావరకు పైన కప్పు ఉన్నా ఉక్క తప్పదు. 2023 ఆగస్టులో ఆ దారిలో చిరుతపులి దాడిలో ఆరేళ్ల పాప చనిపోయింది. అప్పటినుంచి మధ్యాహ్నం తర్వాత పిల్లల్ని మెట్లదారిలోకి పంపడం మీద టీటీడీ ఆంక్షలు పెట్టింది. ఏ వయసువాళ్లకు, ఏ వేళ నుంచి అన్నది వెళ్లే రోజు అడిగి తెలుసుకోండి. నడవాల్సే వస్తే తెల్లవారుజామున గుంపుతో కలిసి నడవండి, బిడ్డ చెయ్యి వదలకండి. ముందు పరుగెత్తి మెట్లు లెక్కపెట్టే ఆట ఇక్కడ వద్దు. మాడవీధుల్లో చలువ రంగు వేసి పట్టాలు పరిచిన చోట పరవాలేదు, అవి దాటి అడుగు పడితే అరికాలు చుర్రుమంటుంది. చిన్నబిడ్డల్ని ఎత్తుకోండి, నడిచే పిల్లలకు మందపాటి నూలు సాక్సు తొడగండి. తిరుచానూరు, కాణిపాకం, శ్రీకాళహస్తి, ఎక్కడికెళ్లినా రాతిబండలకు ఇదే జాగ్రత్త. దిగే ఘాట్ రోడ్డులో 36 మలుపులు. కడుపు నిండా పాలు పట్టి బస్సెక్కించారో, ఎదుటి సీటు ఆయన చొక్కా పోయినట్టే.

మేలో గంగజాతర. మన పిల్లలకు బైరాగి, బండ, తోటి, దొర వేషాలు వేయించడం తరతరాల మొక్కు, దాన్ని మానమని నేను చెప్పను. వేషం ఎలా వేస్తున్నామో మాత్రం చూసుకోవాలి. ఒకరోజు నామంకొమ్ము (నామాలు పెట్టుకునే తెల్లమట్టి), ఒకరోజు కుంకుమ, ఇంకోరోజు బొగ్గు, ఆపైన గంధం. ఒళ్లంతా మందంగా పట్టిస్తే చెమట ఆరే దారి ఉండదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడేది. అయిదేళ్ల లోపు పిల్లలకు ముఖానికి, చేతులకు పూసి వేపాకు దండ వేస్తే చాలు, అమ్మవారు కాదనదు. కుంకుమ ముందురోజే ముంజేతి మీద కొంచెం రాసి చూడండి, దురద పుడితే ఆ రకం వాడొద్దు. పొద్దున్నే గుడికి వెళ్లి, మొక్కు తీర్చుకుని, ఎండెక్కేలోపు ఇల్లు చేరాలి. రంగు తీయడానికి కొబ్బరినూనె రాసి, మెత్తటి బట్టతో తుడిచి, ఆ తర్వాతే స్నానం. సబ్బేసి తోమితే చర్మం మండుతుంది. జాతరలో తిట్లు కూడా మొక్కే కదా, వాటిని పిల్లలు చక్కగా నేర్చుకుని బడి తెరిచాక అప్పజెప్తారు. దానికి నా దగ్గర జాగ్రత్త ఏమీ లేదు.

దాహం సంగతి. ఆరు నెలల లోపు బిడ్డకు ఎంత ఎండైనా తల్లిపాలే, నీళ్లు కూడా వద్దు. మాటిమాటికీ పట్టండి, తల్లి బాగా నీళ్లు తాగాలి. పెద్దపిల్లలకు పలుచటి మజ్జిగ, రాగి అంబలి, తాటిముంజలు. నన్నారి షర్బత్ ఇష్టపడతారు, అయితే బండి మీద కలిపే ఐసు ఏ నీళ్లతో చేశారో మనకు తెలియదు. ఇంట్లో కలిపి ఇవ్వండి. తోటల్లో తిరిగే పిల్లలు పచ్చిమామిడి కొరికితే సొన తగిలి మూతి పొక్కుతుంది. తొడిమ దగ్గర కోసి కాసేపు నీళ్లలో వేసి ఇవ్వాలి.

విరేచనాలైతే ఓఆర్‌ఎస్, అంటే నీళ్లలో కలిపి తాగించే ఉప్పు, చక్కెరల పొడి. ఇక్కడ ఒక మోసం చాలా ఏళ్లు నడిచింది. చక్కెర నిండిన పండ్ల పానీయాలు ఓఆర్‌ఎస్ పేరు తగిలించుకుని మందుల షాపుల్లో అమ్ముడయ్యాయి. హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. చివరకు 2025 అక్టోబరులో, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రానికి సరిపోని పానీయాల మీద ఆ పేరు ఉండకూడదని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. పొడి ప్యాకెట్ కొనండి, దానిమీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని ఉందో లేదో చూడండి. 20.5 గ్రాముల ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి. గ్లాసుకు చెంచా చొప్పున వేసి మిగతాది మడిచి పెట్టడం తప్పు, ఉప్పు పాళ్లు మారిపోతాయి. కలిపినది 24 గంటలు దాటితే పారబోయండి. రెండేళ్ల లోపు బిడ్డకు విరేచనమైన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, చెంచాతో మెల్లగా. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టాలి.

ఇక షికార్లు. ఎస్వీ జూకు తలుపు తీసే వేళకే చేరుకోండి. ఎండెక్కితే జంతువులే నీడ చూసుకుని పడుకుంటాయి, మనం దుమ్ములో నడవడమే మిగులుతుంది. మధ్యాహ్నం తప్పదంటే అలిపిరి దగ్గరి ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం మేలు, నీడపట్టున గడుస్తుంది. తలకోన, కైలాసకోన వెళ్లేవాళ్లు ఎండ గురించి కంటే పాకుడు బండల గురించి ఆలోచించాలి. పిల్లలు నీళ్లలో ఉన్నంతసేపూ ఒక పెద్దమనిషి పని వాళ్లనే చూడటం, సెల్ఫీలు ఇంకొకరు తీసుకుంటారు. బిడ్డ చేతికి బిస్కెట్ ప్యాకెట్ ఇవ్వొద్దు, కోతులు ప్యాకెట్‌తో పాటు చెయ్యీ రక్కుతాయి. గీత చిన్నదే అయినా సబ్బుతో, కారే నీళ్ల కింద పావుగంట కడిగి, అదే రోజు ఆస్పత్రికి వెళ్లి రేబిస్ టీకా సంగతి అడగాలి.

ఇంట్లోనూ నీళ్ల భయం ఉంది. ట్యాంకరు వచ్చిన రోజు సంపు మూత తీసి మరిచిపోతాం. పాకే బిడ్డకు నిండు బకెట్టు చాలు. దాగుడుమూతలాడుతూ కార్లో దూరి తలుపేసుకునే పిల్లలున్నారు. ఎండలో మూసిన కారు లోపల పది నిమిషాల్లోనే పది డిగ్రీల దాకా పెరుగుతుంది. నిలిపిన కారు ఎప్పుడూ తాళం వేసే ఉండాలి, తాళంచెవి పిల్లలకు అందకూడదు.

బిడ్డ ఏడిస్తే కన్నీళ్లు రావడం లేదా, ఆరు గంటలుగా ఒంటికి పోయలేదా, చంటిబిడ్డకు మాడు గుంటపడిందా? దర్శనం సంగతి పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి బయలుదేరండి. ఒళ్లు కాలిపోతూ, మత్తుగా జోగుతూ, పొంతన లేని మాటలాడుతూ ఉంటే అది వడదెబ్బ. జ్వరం మందు దీనికి పనిచేయదు. నీడకు చేర్చి, బట్టలు విప్పి, ఒళ్లంతా నీళ్లతో తడిపి విసరండి, ఆలోగా ఒకరు 108కి ఫోన్ చేయాలి. తెలివి లేని బిడ్డ నోట్లో నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తిరుపతిలో రుయా ఆస్పత్రి ఉంది. దారిలో కూడా తడపడం ఆపొద్దు, బండి అద్దాలు దించి గాలి తగలనివ్వండి.