కారు ముందు చక్రాల బ్రేకులు: కొత్త ప్యాడ్లు వేసినా మళ్లీ ఎందుకు అరుస్తున్నాయి?

మాది నల్లగొండ దగ్గర పానగల్లు వైపు. నాట్ల కాలంలో దమ్ము చేసి రోడ్డెక్కిన ట్రాక్టర్లు తారు మీద బురద గడ్డలు రాల్చుకుంటూ పోతాయి. ఎండాకాలం వచ్చేసరికి అదే బురద దుమ్మై లేస్తుంది. ఈ రెండూ కారు ముందు చక్రాల్లో దూరి ఏం చేస్తాయో తెలుసుకోవడానికి నాకు రెండు సెట్ల ప్యాడ్ల డబ్బు పట్టింది. అరిగిన ప్యాడ్లు మార్చాల్సిందే, కాదనను. కానీ అవి ఏ పక్క, ఎలా అరిగాయో చూడకుండా పాతవి పారేయకండి.

బ్రేకు తొక్కితే సన్నగా కీచుమంటోంది

పొద్దున్నే బండి తీసినప్పుడో, కడిగిన మర్నాడో రెండుసార్లు కూసి ఊరుకుంటే పట్టించుకోవద్దు. డిస్క్ మీద, అంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెం మీద, పట్టిన పలుచటి తుప్పు అది, నాలుగు తొక్కులకు పోతుంది.

రోజంతా కూస్తుంటే మాత్రం చక్రం విప్పాలి. చాలా ప్యాడ్లకు సన్నటి ఇనుప నాలుక ఒకటి ఉంటుంది. ప్యాడ్ బాగా అరిగాక అది డిస్క్‌ను తాకి కూస్తుంది, కావాలనే అలా పెడతారు. కొత్త ప్యాడ్ మీద మందు, అంటే డిస్క్‌ను పట్టి అరిగే పొర, సుమారు 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఉంటుంది. 3కు దిగితే మార్చేయాలి. రెండు రూపాయి బిళ్లలు ఒకదాని మీద ఒకటి పెడితే దాదాపు అంత మందం. వెనకున్న ఇనుప పలకను ఈ లెక్కలో కలపకండి, చాలామంది మోసపోయేది అక్కడే.

గరగరమని ఇనుము గీకిన చప్పుడు

బ్రేకు తొక్కకపోయినా చప్పుడు వస్తూ, అది కంకర రోడ్డు మీద నుంచి వచ్చాకే మొదలైతే, డిస్క్‌కూ దాని వెనక రేకుకూ మధ్య చిన్న రాయి ఇరుక్కుని ఉండొచ్చు. రేకును కాస్త వంచితే రాయి రాలిపోతుంది, ఖర్చు లేదు.

తొక్కినప్పుడే గరగరమంటే మందు అయిపోయి పలకే డిస్క్‌ను గీకుతోందన్నమాట. ఇక ఆ బండిని నడపొద్దు. డిస్క్ మీద గోరు అడ్డంగా లాగండి. గోరు గాడిలో పడి ఆగుతుంటే ప్యాడ్లతో పని కాదు. ఎంత మందం వరకు వాడొచ్చో డిస్క్ మీదే అచ్చు వేసి ఉంటుంది. అంతకంటే మందంగా ఉంటే లేత్ మీద చెక్కించొచ్చు, లేకపోతే రెండు పక్కలా కొత్త డిస్కులే.

బండి ఒక పక్కకు గుంజుతోంది, ఒక చక్రం కాగుతోంది

నా అసలు కథ ఇదే. ఒకచోట ప్యాడ్లు మార్పించాను. అరగంటలో పని అయిపోయిందని సంబరపడ్డాను కూడా. ఆరు నెలలు తిరక్కుండానే మళ్లీ కూత, పైగా స్టీరింగ్ వదిలితే బండి ఎడమకు పోతోంది. మిర్యాలగూడ వెళ్లొచ్చి ఆపాక చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూశాను, ముట్టుకోలేదు. కుడి పక్క వెచ్చగా ఉంది. ఎడమ పక్క మాత్రం పొయ్యి దగ్గర చెయ్యి పెట్టినట్టే.

విప్పితే ఎడమ చక్రంలో బయటి ప్యాడ్ సగానికి పైగా మిగిలి ఉంది, లోపలిది ఇనుము దాకా అరిగింది. మాకు తెలిసిన మెకానిక్ భాయ్ రెండూ పక్కపక్కన పెట్టి చూపించాడు.

"ప్యాడ్లు మంచివే అన్నా. పిన్ను పట్టేసింది. గది కదలకపోతే ఎన్ని ఏసినా గింతే."

ప్యాడ్లను డిస్క్‌కు రెండు పక్కలా నొక్కే భాగాన్ని కాలిపర్ అంటారు. మన చిన్న కార్లలో ఎక్కువగా ఉండేది ఒకే పిస్టన్ కాలిపర్. పిస్టన్ లోపలి ప్యాడ్‌ను నెడుతుంది. ఆ ఒత్తిడికి కాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద జారి బయటి ప్యాడ్‌ను లాక్కొస్తుంది. పిన్ను రబ్బరు తొడుగు చిరిగి బురదనీళ్లు లోపలికి పోతే గ్రీజు గట్టిపడుతుంది, కాలిపర్ జారడం మానేస్తుంది. అప్పుడు భారమంతా లోపలి ప్యాడ్ మీదే, కాలు తీసినా అది డిస్క్‌ను వదలదు. మా బండి పిన్నును సుత్తితో కొట్టి ఊడదీస్తే దానికి పట్టిన గ్రీజు మాడిన బెల్లం పాకంలా గోటికి పెళ్లలుగా వచ్చింది.

ప్యాడ్ ఒక కొస ఎక్కువ, ఇంకో కొస తక్కువ అరిగితే రెండు పిన్నుల్లో ఒకటే పట్టేసిందని అనుమానించాలి. పిన్నులు హాయిగా జారుతున్నా లోపలిదే అరుగుతుంటే పిస్టన్ వెనక్కి పోవడం లేదేమో చూడాలి.

ఇంటి దగ్గర చేసుకునేవాళ్లకు

చదును నేల మీద ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, మొదటి గేరులో పెట్టి, వెనక చక్రాలకు రాళ్లు పెట్టండి. చక్రం నేల మీద ఉండగానే నట్లు కాస్త వదులు చేయాలి. జాకీ ఎత్తాక కింద స్టాండు తప్పనిసరి. జాకీ ఒక్కదాన్ని నమ్మకండి, విప్పిన చక్రాన్ని కూడా బండి కిందికి తోసి పెట్టండి.

చాలా బండ్లలో కింది బోల్టు ఒక్కటి విప్పితే కాలిపర్ తలుపులా పైకి లేస్తుంది. పూర్తిగా విప్పాల్సి వస్తే తీగతో స్ప్రింగుకు కట్టండి, రబ్బరు గొట్టం మీద వేలాడనివ్వొద్దు. ప్యాడ్ల దుమ్మును నోటితో గానీ గాలి పైపుతో గానీ ఊదకండి, ఊపిరితిత్తులకు చేటు. తడి గుడ్డతో తుడవండి.

పిస్టన్‌ను వెనక్కి నెట్టే ముందు బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీయాలి. పిస్టన్ పోయేకొద్దీ ఆయిల్ పైకి లేస్తుంది. పొర్లితే పెయింటును తినేస్తుంది, కాబట్టి ముందే కొంచెం తోడేయండి. పాత ప్యాడ్‌ను పిస్టన్ మీద ఆనించి సి క్లాంపుతో (సి ఆకారంలో ఉండే మర బిగింపు) నిదానంగా బిగిస్తే లోపలికి పోవాలి. మొండికేస్తే, లేదా పిస్టన్ చుట్టూ తడి కనిపిస్తే ఆపేయండి. కాలిపర్ రిపేరు ఇంట్లో చేసే పని కాదు.

పిన్నులను తుడిచి, తొడుగు చిరిగితే కొత్తది వేసి, బ్రేకులకని అమ్మే సిలికాన్ గ్రీజు పలుచగా రాయాలి. చక్రాల బేరింగుకు వాడే మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి పిన్ను మళ్లీ పట్టేస్తుంది. షాపులో మామూలు గ్రీజు డబ్బానే చేతికిస్తారు, గట్టిగా అడిగి తెచ్చుకోండి. పిన్ను రెండు వేళ్లతో నెడితే జారాలి. ప్యాడ్లు కూర్చునే గాళ్లను వైర్ బ్రష్‌తో గీకండి. ప్యాడ్ ముఖానికీ డిస్క్‌కూ గ్రీజు మరక అంటనివ్వొద్దు. ఒక పక్క ప్యాడే అరిగినా రెండు పక్కలా మార్చాలి, లేకపోతే పట్టు సమానంగా ఉండదు. బోల్టులు ఎంత బిగించాలో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది.

అంతా అయ్యాక, బండి కదిలించే ముందు, పెడల్ గట్టిపడేదాకా తొక్కండి. పిస్టన్ వెనక్కి పోయి ఉంటుంది కాబట్టి మొదటి రెండు మూడు తొక్కులకు బ్రేకే ఉండదు. మా బామ్మర్ది ఈ మాట వినకుండా బండి తీశాడు. గడ్డివాము ఆపింది. ఆ తర్వాత ఆయిల్ మట్టం చూసి మూత బిగించండి.

పెడల్ వణుకుతోంది

వేగంలో బ్రేకు తొక్కినప్పుడు పెడల్, స్టీరింగ్ వణికితే తప్పు ఎక్కువగా డిస్క్‌ది. కొత్త ప్యాడ్లతో తగ్గదు. డిస్క్ చెక్కించాలి లేదా మార్చాలి.

పెడల్ మెత్తగా దిగిపోతోంది

ప్యాడ్లు మార్చిన వెంటనే ఇలా ఉండి, ఎన్నిసార్లు తొక్కినా గట్టిపడకపోతే లైనులో గాలి చేరింది. ఆ గాలి తీయించాలి, దాన్నే బ్లీడింగ్ అంటారు.

ఘాట్ దిగేటప్పుడు మెత్తబడితే సంగతి వేరు. మన్ననూరు అడవి దాటి శ్రీశైలం వెళ్లేవాళ్లకు ఈగలపెంట తర్వాత కృష్ణ దగ్గరికి దిగే మలుపులు తెలుసు. అక్కడ గేరు మార్చకుండా బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే ఆయిల్ మరిగి ఆవిరి చేరొచ్చు, పెడల్ మెత్తబడేది అందుకే. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 155కు పడిపోవచ్చు. రెండేళ్లకోసారి మార్పించమనేది అందుకే. మాడు వాసన వస్తే పక్కకు ఆపి చల్లారనివ్వండి, డిస్క్ మీద నీళ్లు మాత్రం పోయకండి. తిరిగి బయల్దేరాక రెండో గేరులో దిగండి.

కొత్త ప్యాడ్లకు పట్టు లేదు

ప్యాడ్లు ఇంకా డిస్క్‌కు ఒదగలేదన్నమాట. ఖాళీ రోడ్డు మీద 50 కిలోమీటర్ల వేగం నుంచి 10 దాకా మెల్లగా బ్రేకు వేసి, ఆపకుండా మళ్లీ వేగం అందుకోండి. మధ్యలో అర నిమిషం చల్లారనిస్తూ ఎనిమిది, పది సార్లు చేయాలి. నేను తెల్లవారకముందే పానగల్లు చెరువు పక్కన చేశాను. దిగి రెండు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూస్తే ఈసారి ఎడమ, కుడి ఒకేలా వెచ్చగా ఉన్నాయి.