నిద్ర పట్టట్లేదా? మంచం మీద ఉండే టైం తగ్గించండి

పదింటికే లైటు తీసేసి, పన్నెండు దాటేదాకా అటూ ఇటూ దొర్లి, ఎలాగో కునుకు పడితే రెండింటికల్లా మెలకువ వచ్చి, ఇక ఫ్యాను చప్పుడు వింటూ "రేపు ఆఫీసులో ఎలారా బాబూ" అని లెక్కలేసుకునేవాళ్ల కోసం రాస్తున్నా. ఒకటి రెండు రాత్రుల సంగతి కాదు. వారానికి కనీసం మూడు రాత్రుల చొప్పున మూడు నెలలకు పైగా ఇలాగే ఉంటే డాక్టర్లు దాన్ని దీర్ఘకాలిక నిద్రలేమి అంటారు. నాది ఏళ్ల నాటి బాధ. పూర్తిగా పోలేదు గానీ ఇప్పుడు నా మాట వింటుంది.

వేడి పాలు, గసగసాలు, అరికాళ్లకు కొబ్బరినూనె... ఇవన్నీ ఈపాటికే ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు. హాయిగా అనిపిస్తే చేసుకోండి, తప్పేం లేదు. కానీ నెలల తరబడి పాతుకుపోయిన నిద్రలేమి వాటికి లొంగదు. వినడానికి పిచ్చిగా ఉంటుంది గానీ, అది లొంగేది మంచం మీద ఉండే టైం తగ్గించినప్పుడే.

నిద్ర పాడవడానికి మొదట ఏదో ఒక కారణం ఉంటుంది. అప్పు, పరీక్షలు, ఇంట్లో ఎవరో పోవడం, ఉద్యోగం టెన్షన్. ఆ కారణం తీరిపోయినా నిద్ర మాత్రం తిరిగి రాదు, ఎందుకంటే ఈలోపు పోయిన నిద్రని రాబట్టుకోవాలని మనం త్వరగా పడుకోవడం, ఆదివారం పదింటిదాకా లేవకపోవడం, మధ్యాహ్నం ఓ గంట వాలడం అలవాటు చేసుకుంటాం. జబ్బుని మొదలుపెట్టేది ఒకటి, నడిపించేది ఇంకొకటి అని ఆర్థర్ స్పీల్‌మన్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1987లోనే చెప్పాడు, ఈ మంచం టైం తగ్గించే పద్ధతి కూడా ఆయన తెచ్చిందే. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పెరుగుతూ పోయి నిద్ర ముంచుకొచ్చేలా చేస్తుంది. మధ్యాహ్నం గంటన్నర పడుకున్నారంటే అది కాస్తా తగ్గిపోతుంది, భోజనానికి ముందు మిరపకాయ బజ్జీలు లాగించినట్టే. శివరాత్రికి నిజంగా జాగారం చేసినవాళ్లని మర్నాడు రాత్రి చూడండి, ఎక్కడ ఒరిగితే అక్కడే నిద్ర.

ముందు ఒకటి రెండు వారాలు ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ఎప్పుడు పడుకున్నారు, సుమారుగా ఎప్పుడు నిద్ర పట్టింది, మధ్యలో ఎంతసేపు మెలకువ, ఎప్పుడు లేచారు. పొద్దున లేచాక అంచనాగా రాయండి చాలు. రాత్రి గడియారం చూడకూడదు, ఫోన్‌లో కూడా. చేతికి పెట్టుకునే స్మార్ట్ వాచీ ఉంటే తీసి పక్కన పడేయండి. అది చూపించే నిద్ర మార్కులు చూసి కొత్త టెన్షన్ తెచ్చుకునేవాళ్లు ఎంతమందో.

ఇప్పుడు సగటు తీయండి. పదింటికి పడుకుని ఆరున్నరకు లేస్తున్నారనుకుందాం, అంటే మంచం మీద ఎనిమిదిన్నర గంటలు. అందులో నిద్ర అయిదున్నర గంటలే. అయితే ఇకనుంచి మీకు మంచం కూడా అయిదున్నర గంటలే. లేచే టైం ముందు ఖాయం చేసుకోండి, ఆరు అనుకోండి. అక్కడి నుంచి వెనక్కి లెక్కేస్తే పన్నెండున్నర, అంతకుముందు మంచం ఎక్కకూడదు. ఎంత తక్కువ నిద్రపోతున్నా మంచం టైం అయిదు గంటల కన్నా కిందికి దించొద్దు. వారం తర్వాత చూసుకోండి: మంచం మీద ఉన్న టైంలో 85 శాతం నిద్రలోనే గడిచిందంటే పదిహేను నిమిషాలు ముందు పడుకోవచ్చు. లేదంటే ఇంకో వారం అదే టైం. ఇలా వారానికి పదిహేను నిమిషాల చొప్పున పెంచుకుంటూ పోతే మీ ఒంటికి ఎంత నిద్ర కావాలో అక్కడ దానంతటదే ఆగుతుంది. ఎనిమిది గంటలే రావాలని రూలేం లేదు.

మొదటి రెండు వారాలు నరకం, దాచడం ఎందుకు. కళ్లు మండుతాయి, ఊరికే కోపం వస్తుంది. అసలు కష్టం పడుకున్నాక కాదు, తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర మధ్య. టీవీ ముందు తల వాలిపోతుంటే "కళ్లు మూతలు పడుతున్నాయి కదా, వెళ్లి పడుకోరాదూ" అని అమ్మ అంటుంది, ప్రేమతోనే. అందుకే ఇంట్లో వాళ్లకి ముందే చెప్పి పెట్టండి, సోఫాలో ఒరగనివ్వొద్దని కూడా చెప్పండి. ఈ రెండు వారాల్లో బండి నడపడం తగ్గించండి. డ్రైవర్లు, మిషన్ల మీద పనిచేసేవాళ్లు, మూర్ఛ ఉన్నవాళ్లు, బైపోలార్ జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్ని అడక్కుండా ఇది మొదలుపెట్టొద్దు.

రెండో రూలు 1972లో రిచర్డ్ బూట్‌జిన్ అనే ఇంకో అమెరికన్ సైకాలజిస్టు చెప్పింది: పడక నిద్రకే, మహా అయితే దాంపత్యానికి. ఓ ఇరవై నిమిషాలైనా నిద్ర రావట్లేదనిపిస్తే లేచి వచ్చేయాలి. మన ఇళ్లలో వేరే గది ఎక్కడిదండీ, నలుగురం ఒకే గదిలో పడుకుంటాం అంటారా, వంటింట్లోనో మెట్ల మీదో కుర్చీ వేసుకోండి, చాప అయితే చుట్టి పక్కన పెట్టేయండి. చిన్న లైటు వేసుకుని బుర్రకు పని లేనిది ఏదైనా చేయండి: వెల్లుల్లి ఒలవడం, బట్టలు మడతపెట్టడం, పాత వారపత్రిక తిరగేయడం. ఫోన్ మాత్రం వద్దు, ఒక్క రీల్ అని మొదలుపెట్టి ఎక్కడ తేలతారో మీకూ తెలుసు. కళ్లు బరువెక్కాకే మళ్లీ పడక. మళ్లీ పట్టకపోతే మళ్లీ లేవడమే, రాత్రికి ఎన్నిసార్లయినా.

కాఫీ, టీలు మధ్యాహ్నంతో ఆపండి. అయిదింటికి తాగిన టీలోని కెఫీన్ రాత్రి పదింటికి ఇంకా సగం దాకా ఒంట్లోనే ఉంటుంది. మద్యం తాగితే నిద్ర త్వరగా పట్టేమాట నిజమే, తెల్లవారుజామున లేపేదీ అదే.

ఇక మాత్రలు. ఆల్ప్రజోలం, క్లోనజెపాం, జోల్పిడెం లాంటివి డాక్టర్ చీటీ మీదే ఇవ్వాలి. ఎవరో వాడగా మిగిలిన స్ట్రిప్ తెచ్చుకుని వేసుకోకండి. నెలల తరబడి వాడుతున్నవాళ్లు ఇది చదివి ఆవేశంగా ఇవాళే మానేయకండి, ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది, డాక్టర్ చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించాల్సిందే. అవిల్ లాంటి అలర్జీ మాత్రలు, జలుబు మాత్రలు నిద్ర కోసం వేసుకోవడం మన దగ్గర మామూలైపోయింది. వాటి మత్తుకు ఒళ్లు త్వరగానే అలవాటు పడిపోతుంది, వయసు మళ్లినవాళ్లకైతే తికమక, మూత్రం సరిగ్గా రాకపోవడం లాంటి ఇబ్బందులు వస్తాయి. మాత్రలు కాకుండా పైన చెప్పిన పద్ధతుల్ని కలిపి సీబీటీ-ఐ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ ఫర్ ఇన్సోమ్నియా, అంటే ఆలోచనలూ అలవాట్లూ మార్చి నిద్రలేమిని తగ్గించే చికిత్స) అంటారు. వయోజనుల దీర్ఘకాలిక నిద్రలేమికి మాత్రల కన్నా ముందు ఇవ్వాల్సింది ఇదేనని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో చెప్పింది. క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి వెళ్తే ఆ పేరు చెప్పి అడగండి.

ఇంతకీ మీది నిద్రలేమేనా? గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగి, ఉక్కిరిబిక్కిరై లేస్తున్నారని పక్కనున్నవాళ్లు చెబితే, పొద్దున తలనొప్పి, పగలు బస్సు ఎక్కగానే నిద్ర ఉంటే అది స్లీప్ ఆప్నియా కావచ్చు. దానికి రాత్రంతా చేసే స్లీప్ స్టడీ, అవసరమైతే మాస్కులోంచి గాలి పంపే సీపాప్ మిషన్, అంతే తప్ప పైన చెప్పిన లెక్కలతో పోదు. పరీక్ష కాకముందే నిద్రమాత్ర వేసుకుంటే ఇంకా ముదరొచ్చు. సాయంత్రం అయ్యేసరికి కాళ్లు లాగడం, పాకినట్టు ఉండటం, లేచి నాలుగడుగులు వేస్తే తగ్గడం ఉంటే రెస్ట్‌లెస్ లెగ్స్ సంగతి చూడాలి. ఆడవాళ్లు పగలంతా నిలబడ్డందుకేలే అని వదిలేస్తారు. ఫెరిటిన్ పరీక్ష చేయించమని అడగండి, హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా దీనికి కారణమయ్యే ఐరన్ నిల్వల లోటు ఉండొచ్చు. ఎనిమిదిన్నరకే పడుకుని మూడున్నరకు లేచే తాతగారికి మాత్రం జబ్బేం లేదు, ఏడు గంటలు నిద్రపోయాడాయన.

అమెరికా క్లయింట్ల కోసం రాత్రి షిఫ్టులు చేసేవాళ్లు ఇదే లెక్కని పగటికి మార్చుకోవాలి. వచ్చేటప్పుడు నల్ల కళ్లద్దాలు, గదికి మందపాటి కర్టెన్, రోజూ ఒకే టైం. వారం వారం షిఫ్టు మారుతుంటే ఇది సరిగ్గా పనిచేయదు, షిఫ్టు గురించి మేనేజరుతో మాట్లాడటమే దారి.

నిద్ర లేకపోవడంతో పాటు దేని మీదా ఆసక్తి లేక, చచ్చిపోతే బాగుండనిపిస్తుంటే ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి 14416కి ఫోన్ చేయండి. టెలి మానస్, ప్రభుత్వానిదే, డబ్బులు తీసుకోరు, ఇరవై నాలుగు గంటలూ ఉంటారు, తెలుగులో మాట్లాడొచ్చు.

బాగుపడ్డాక కూడా ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ చెడ్డ వారం వస్తుంది. పిల్ల పెళ్లి పనుల్లోనో, ఇల్లు మారినప్పుడో. అప్పుడు కంగారుపడి తొమ్మిదింటికే పడక ఎక్కొద్దు. నోట్‌బుక్ మళ్లీ తీయండి, మంచం టైం ఓ అరగంట కోసేయండి, లేచే టైం మాత్రం ఆదివారమైనా సరే కదలనివ్వకండి.