ఫ్లోరెన్స్‌లో డువోమో నుంచి ఆర్నో నది దాకా: టికెట్ లేని ఒక ఉదయపు నడక

ఫ్లోరెన్స్‌కి ఒకటి రెండు రోజుల కోసం వచ్చేవాళ్ళు దిగిన వెంటనే మ్యూజియం క్యూలో నిలబడతారు. నన్నడిగితే మొదటి ఉదయం ఏ టికెట్టూ కొనకండి. ఈ ఊరి గొప్పతనంలో సగం గోడల మీద, నేల మీద, వీధి మూలల్లో ఉంది. దాన్ని ముందు చూస్తే, ఆ తర్వాత మ్యూజియంలో చూసే బొమ్మలు ఎవరివో, ఎందుకు చేయించారో తెలుస్తుంది.

ఈ నడక రెండు కిలోమీటర్ల లోపే. ఆగకుండా నడిస్తే అరగంట కూడా పట్టదు. మీరు మాత్రం రెండున్నర గంటలు పెట్టుకోండి.

బయల్దేరే ముందు

ఉదయం ఏడింటికల్లా డువోమో అనే పెద్ద చర్చి ముందు ఉండేలా చూసుకోండి. శాంటా మారియా నొవెల్లా రైల్వే స్టేషన్ నుంచి అక్కడికి పది పన్నెండు నిమిషాల నడక. వీధులన్నీ రాతి పలకలు పరిచినవి, ఎత్తుపల్లాలుంటాయి కాబట్టి మెత్తటి అడుగున్న బూట్లు వేసుకోండి. తర్వాత చర్చిల లోపలికి వెళ్ళాలనుకుంటే భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు కావాలి.

అడ్రస్ వెతుక్కునేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. ఇక్కడ ఒకే వీధిలో రెండు వరసల నంబర్లుంటాయి. ఇళ్ళకు నలుపు లేదా నీలం, దుకాణాలకు, రెస్టారెంట్లకు ఎరుపు. అడ్రస్‌లో నంబరు పక్కన ఆర్ అనే అక్షరం ఉంటే అది ఎర్ర నంబరు. ఇది తెలియక ఒకే వీధిలో పైకీ కిందికీ తిరిగేవాళ్ళు చాలామంది.

నంబర్ల మాట వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. ఇటాలియన్‌లో ఏడు సెత్తె, ఎనిమిది ఒత్తో, తొమ్మిది నోవె. సప్త, అష్ట, నవ గుర్తొస్తున్నాయి కదా? ఈ పోలికను 1580లలోనే గమనించి ఉత్తరాల్లో రాసిన ఫిలిప్పో సస్సెట్టి ఈ ఊరి వ్యాపారే. కొచ్చిలో, గోవాలో ఉండి, 1588లో గోవాలోనే చనిపోయాడు.

డువోమో: ముందు నుంచి కాదు, వెనక నుంచి చూడండి

అందరూ చర్చి ముందుభాగం ఫోటో తీసుకుంటారు. అది అందంగా ఉన్నా పాతది మాత్రం కాదు, 1887లో పూర్తయింది. చర్చి కట్టడం మొదలైంది 1296లో. అంటే దాదాపు ఆరు వందల ఏళ్ళు దానికి సరైన ముఖమే లేదు.

ఎదురుగా ఉన్న ఎనిమిది పలకల కట్టడం బాప్టిస్టరీ, అంటే బాప్తిస్మం ఇచ్చే చోటు. చర్చి వైపున్న బంగారు తలుపుల దగ్గర ఆగండి. గిబెర్టి అనే శిల్పి వీటి మీద 1425 నుంచి 1452 దాకా పనిచేశాడు. 1966 నవంబరు 4న ఆర్నో నది పొంగి ఊరిని ముంచినప్పుడు పది ఫలకాల్లో ఐదు ఊడిపోయాయి. బాగు చేయడానికి పాతికేళ్ళకు పైగా పట్టింది. అసలువి ఇప్పుడు చర్చి వెనక ఉన్న మ్యూజియంలో ఉన్నాయి, మీరు చూసేవి నకళ్ళు. ఏడింటికి వస్తే వాటి ముందు ఎవరూ ఉండరు. ఒక్కో కథనీ తీరిగ్గా చూడొచ్చు.

తర్వాత చర్చికి కుడివైపు నుంచి వెనక్కి నడవండి. దారిలో ఒక భవనం గోడ దగ్గర కూర్చుని తలెత్తి గుమ్మటం వైపు చూస్తున్న విగ్రహం కనిపిస్తుంది. అతనే బ్రునెల్లెస్కి. 1420 నుంచి 1436 దాకా ఆ గుమ్మటాన్ని కట్టించినవాడు. అంత వెడల్పున గుమ్మటం కట్టాలంటే కింది నుంచి చెక్క ఊత పెట్టాలని అప్పటి పద్ధతి. అతను ఊత లేకుండానే, ఒకదానిలో ఒకటిగా రెండు గుమ్మటాలు లేపాడు. ఇటుకల వరసల మధ్య అక్కడక్కడ ఇటుకను నిలువుగా పెట్టించాడు. సున్నం ఆరేలోపు కొత్త వరస కిందికి జారిపోకుండా ఆ నిలువు ఇటుకలు పట్టి ఉంచాయి. అతని పక్కన నిలబడి అతను చూస్తున్న వైపే చూడండి. ఈ నడకలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే.

చర్చి వెనక్కి వెళ్ళాక ఇక నేల చూడండి. రాతి పలకల మధ్య గుండ్రటి తెల్లటి పాలరాయి ఒకటుంటుంది. గుమ్మటం కొసనున్న బంగారు పూత గుండు 1601లో పిడుగు పడి కింద పడింది. పడిన చోటికి గుర్తు ఆ రాయి. దాని మీద నిలబడి పైకి చూస్తే గుండు ఎంత దూరం వచ్చి పడిందో అర్థమవుతుంది.

వియా దెయి కల్జాయువోలి మీదుగా ధాన్యం కొట్టు దాకా

మళ్ళీ చర్చి ముందుకొచ్చి, గంట గోపురం దగ్గర మొదలయ్యే వియా దెయి కల్జాయువోలిలోకి తిరగండి. వాహనాలు తిరగని వీధి. రెండు పక్కలా అన్నిచోట్లా ఉండే దుకాణాలే, వేగంగా నడవొచ్చు.

సగం దారిలో కుడివైపు కోటలా నిలువుగా ఉన్న రాతి భవనం ఓర్‌సాన్‌మికేలె. ఇది చర్చి, అంతకుముందు ధాన్యం అమ్మే చోటు, పై అంతస్తుల్లో ధాన్యం దాచేవారు. బయటి గోడల గూళ్ళలో ఉన్న విగ్రహాలను వృత్తి సంఘాలు పెట్టించాయి. ఒక్కో సంఘానికి ఒక్కో సాధువు. రాతిపని, వడ్రంగం చేసేవాళ్ళ గూటిలో నలుగురు సాధువులు కలిసి నిలబడి ఉంటారు. వాళ్ళ పాదాల కిందికి చూడండి, గోడ కడుతూ, విగ్రహం చెక్కుతూ ఉన్న పనివాళ్ళు కనిపిస్తారు. అంత పెద్ద సాధువుల కింద తమ పనిముట్లతో తమనే చెక్కించుకున్నారు.

పంది ముట్టె, దివాళా రాయి

ఇంకాస్త ముందుకెళ్ళి కుడివైపు వియా పోర్టా రొస్సాలోకి తిరిగితే స్తంభాల మండపం కింద తోలు సంచుల బజారు వస్తుంది. దాని దక్షిణం వైపున్న కంచు అడవిపంది ముట్టె జనం తడిమి తడిమి మెరుస్తూ ఉంటుంది. తడిమితే మళ్ళీ ఈ ఊరికొస్తారని నమ్మకం. మీరూ తడమండి.

అంగళ్ళు పరవకముందే వస్తే మండపం మధ్యలో నేల మీద బండిచక్రం ఆకారంలో రంగు రాయి కనిపిస్తుంది. దివాళా తీసిన వ్యాపారుల పిర్రలను అందరి ముందూ ఈ రాతికేసి కొట్టేవారు. పది గంటల తర్వాత ఇది బండ్ల కింద దాగిపోతుంది.

పియాజ్జా డెల్లా సిన్యోరియా

మండపం దాటగానే ఎడమవైపు వియా వక్కెరెచ్చా అనే చిన్న సందు. అది నేరుగా చౌకులోకి తీసుకెళ్తుంది. పలాజ్జో వెక్కియో అనే పాత నగరపాలక భవనం ముందున్న దావీదు విగ్రహం నకలు. అసలుది 1504లో ఇక్కడే నిలబెట్టారు, 1873లో అకాడెమియా మ్యూజియానికి తరలించారు.

నెప్ట్యూన్ ఫౌంటెన్ ముందు నేల మీద గుండ్రటి ఫలకం ఉంది. సవొనరోలా అనే సన్యాసిని 1498 మే 23న ఉరితీసి కాల్చింది ఇక్కడే. అంతకు ఏడాది ముందు అతని మాట మీద ఈ చౌకులోనే జనం అద్దాలు, నగలు, బొమ్మలు తెచ్చి మంటలో వేశారు. ఆ ఫలకం మీది నుంచి జనం చూడకుండానే నడిచిపోతుంటారు.

పక్కనున్న తెరిచిన మండపంలో చెల్లీని అనే శిల్పి చేసిన గ్రీకు కథల వీరుడు పెర్సియస్, జాంబొలోన్యా అనే మరో శిల్పి ఒకే పాలరాతిలో మెలితిప్పి చెక్కిన ముగ్గురు మనుషులు ఉన్నారు. రెండో దాని చుట్టూ పూర్తిగా తిరగండి. ఏ ఒక్క వైపూ దానికి ముందు కాదు.

కాఫీకి ఇదే సమయం. కౌంటర్ దగ్గర నిలబడి తాగండి, కూర్చుంటే చాలాచోట్ల ధర ఎక్కువ. తర్వాత ఆకలేసి బండి దగ్గర ఆగితే ఒక జాగ్రత్త: ఇక్కడ పేరుపడ్డ లాంప్రెదొత్తో అంటే ఆవు పొట్ట భాగం. శాకాహారులు పాత రొట్టె, టమాటాలతో చేసే పప్పా అల్ పొమొదోరో అడగొచ్చు. పేరు పప్పులా వినిపించినా ఇందులో పప్పు లేదు, కానీ కమ్మగా ఉంటుంది. మాంసం రసంలో ఉడికించారేమో ఒకసారి అడగండి.

నది ఒడ్డున

ఉఫిజీ మ్యూజియం భవనం రెండు రెక్కల మధ్యనుంచి నది వైపు నడవండి. ఒడ్డుకు చేరి కుడివైపు తిరిగితే తల మీదుగా ఒక కప్పున్న దారి మీతోపాటే వస్తుంది. మెడిచి పాలకులు జనంలో కలవకుండా ఇంటికి, కచేరీకి తిరగడానికి 1565లో వసారి అనే వాస్తుశిల్పి కొద్ది నెలల్లోనే కట్టిన దారి అది. పొంటె వెక్కియో వంతెన అవతలి కొస దగ్గర ఆ దారి ఒక పాత గోపురాన్ని చుట్టి వంగుతుంది. ఆ గోపురం సొంతదారులు దాన్ని పడగొట్టనివ్వలేదట.

1345 నాటి ఈ వంతెన మీద ఒకప్పుడు మాంసం కొట్లుండేవి. 1593లో వాటిని పంపేసి కంసాలులకు ఇచ్చారు. పొద్దున్నే అయితే బంగారం కొట్ల చెక్క తలుపులు మూసి ఉంటాయి, వరసగా పెట్టిన పాతకాలం భోషాణాల్లా. మధ్యాహ్నం జనం ఒత్తిడిలో పర్సు భద్రం.

వంతెన దాటి కుడివైపు బోర్గో సాన్ యాకోపో వీధిలో ఐదారు నిమిషాలు నడిస్తే శాంటా ట్రినిటా వంతెన వస్తుంది. పొంటె వెక్కియో మొత్తం కనిపించేది దీని మీది నుంచే. 1944 ఆగస్టులో వెనక్కి పోతూ జర్మన్ సైన్యం పొంటె వెక్కియో ఒక్కటి వదిలి మిగతా వంతెనలన్నీ పేల్చేసింది. నదిలోంచి ఏరిన పాత రాళ్ళను వాడి శాంటా ట్రినిటాను 1958కల్లా మళ్ళీ కట్టారు. దాని నాలుగు మూలలా నాలుగు రుతువుల విగ్రహాలుంటాయి. వసంతం తల మాత్రం అప్పటికి దొరకలేదు. 1961లో నది అడుగున దొరికితే తెచ్చి అతికించారు. ఊరి వైపు కొసన, పూలు పట్టుకున్న స్త్రీ ఆమె. దగ్గరికి వెళ్ళి మెడ దగ్గర చూడండి, అతుకు కనిపిస్తుంది.